అంటుకోని జబ్బు

నర్సింగ్ మొదటి సంవత్సరంలో మా మేడం ఒకరోజు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, మీ మీ ఊళ్ళలో జనం ఎక్కువగా ఏ జబ్బులతో చనిపోతున్నారో రాయమన్నారు. నా పక్కన కూర్చునే ఆదోని అమ్మాయి గుండెపోటు, షుగరు, పక్షవాతం అని చకచకా రాసేసింది. ముందు బెంచీలో నంద్యాల వైపు అమ్మాయి పాముకాటు, పురుగుల మందు కూడా చేర్చింది. నేను చాలాసేపు ఆలోచించి ‘దగ్గు’ అని రాశాను. మేడం చూసి, “దగ్గు జబ్బు కాదమ్మా, జబ్బు లక్షణం. జబ్బు పేరు రాయి” అన్నారు. దాన్ని కొట్టేసి ‘టీబీ’ అని రాసిచ్చాను. మా పేటలో మగవాళ్ళు నలభై, నలభై ఐదేళ్ళకే పోతారని, పోయేది దగ్గుతోనేనని, ఆ దగ్గు పేరు టీబీ అని నేను పెద్దవాళ్ళ నోట విన్నదే రాశాను. అప్పటికి మా నాయన టీబీ మందులు మింగడం రెండోసారి.

మా పేట మైదుకూరు నుంచి కర్నూలుకు పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే, ఎర్రగుట్టల కింద ఉంటుంది. మధ్యలో పాత చర్చి, దాని చుట్టూ ఇళ్ళు. అందరివీ ఎకరా, అరెకరా మెట్టచేలు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం, కాయ ఊరకపోతే చెట్టు పీకి మేకలకు వేయడం, మిగతా రోజులు కూలికి పోవడం. నేను ఆరో తరగతిలో ఉండగా గుట్ట అవతల పలుగురాళ్ళ మిల్లు పెట్టారు. పలుగురాళ్ళంటే మా గుట్టల్లో దొరికే తెల్లరాళ్ళు. వాటిని ముందు చిప్స్‌గా కొట్టి, తర్వాత పిండిలా విసిరి, జల్లెడ పట్టి సంచులకెత్తేవాళ్ళు. ఆ పిండి యాడికి పోతుందని అడిగితే ఒకరు గాజు సామాన్లకనేవాళ్ళు, ఇంకొకరు గోడల రంగులకనేవాళ్ళు.

నీడపట్టు పని. వాన వచ్చినా రాకపోయినా ఉండే పని. పేటలో మగవాళ్ళంతా ఎగబడి పోయారు. మా నాయన, ఆయన తమ్ముడైన మా చిన్నాయన ఒకేరోజు చేరారు. సాయంత్రం నాయన ఇంటికి వస్తుంటే బియ్యప్పిండిలో దొర్లించి తీసినట్టుండేవాడు. కనురెప్పలు, చెవుల వెంట్రుకలు, మీసం అన్నీ తెలుపు. మేం పిల్లలం చప్పట్లు కొట్టి నవ్వేవాళ్ళం. నాయన కూడా ముసలివాడిలా నడుం వంచి, కర్ర పట్టుకున్నట్టు నటించి నవ్వించేవాడు. ఆడవాళ్ళు ఆ పొడిని గుడ్డలో మూట కట్టించుకుని తెచ్చుకుని అంట్లు తోముకునేవాళ్ళు. సత్తు గిన్నెలు బాగా మెరుస్తాయని మా అమ్మకు ఆ పొడి అంటే ఇష్టం.

నాయనకు మంచి గొంతు ఉండేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆయన ఎత్తుకున్న శృతికి మిగతావాళ్ళు అందుకోలేక సగంలో దిగిపోయేవాళ్ళు. మిల్లులో చేరిన రెండేళ్ళకో మూడేళ్ళకో, ఒక ఆదివారం నాయన పాట మధ్యలో ఆగిపోయాడు. చరణం మరిచిపోయాడనుకుని వెనక నుంచి ఎవరో అందించారు. నాయన తల ఊపాడు కానీ పాడలేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాతి ఆదివారాల్లో మొదటి మాట ఎత్తి ఇచ్చి, మిగతాది జనానికి వదిలేసేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేశాడు.

ఆ తర్వాత దగ్గు వచ్చింది. పొడిదగ్గు. మెట్టు ఎక్కితే ఆయాసం. దగ్గరి ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీసి, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి, టీబీ అని చెప్పి మందులిచ్చారు. కఫం తీసి చేసే గళ్ళ పరీక్షలో మాత్రం ఏమీ కనబడలేదట. ఒక్కోసారి కనబడదని చెప్పి పంపారు. ఏం పని చేస్తావని అక్కడెవరూ అడగలేదు. అడిగినా కూలిపని అని చెప్పేవాడేమో. మా వాళ్ళకు ఏ పనైనా కూలిపనే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కట్టుబాట్లు మారాయి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నేను ఒక్కదాన్నే కూతుర్ని, నాకు అంటుకుంటుందేమోనని అమ్మకు ప్రాణం కొట్టుకునేది. నాయన పళ్ళెం, గ్లాసు, చెంబు వేరు చేసి వాకిలి పక్కన గూట్లో పెట్టింది. మంచం బయట పందిట్లో వేసింది. “ఆయప్ప దగ్గరికి పోవద్దు. మాట్లాడాల్నంటే ఈడ్నుంచే మాట్లాడు” అని గడపలో గీత చూపించింది. నాయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పైగా నేను ఎప్పుడైనా మరిచిపోయి దగ్గరికి పోతే ఆయనే చెయ్యి అడ్డం పెట్టేవాడు. “దూరం, దూరం పాపా” అనేవాడు. పరీక్షలకు పోయే రోజున నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపడం ఆయన అలవాటు. పదో తరగతి పరీక్షలప్పుడు పందిరి గుంజ దగ్గర నిలబడి, చెయ్యి గాల్లోకి చాపి, అక్కడినుంచే ప్రార్థన చేశాడు. నేను తల వంచుకుని వాకిట్లో నిలబడ్డాను. మా ఇద్దరి మధ్యా కోళ్ళు తిరుగుతున్నాయి.

చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం గిన్నె ఒకటే, అందరూ దాన్నుంచే తాగాలి. నాయనను ఎవరూ వద్దనలేదు. ఆయనే ముందుకు పోవడం మానుకున్నాడు. తలుపు పక్కన ఆఖరి వరసలో కూర్చుని, జనం ముందుకు కదిలే సమయానికి లేచి బయటికి వచ్చేసేవాడు.

మందులు మింగుతూనే మిల్లుకు పోయేవాడు. ఆరు నెలల మందులు అయిపోయాయి, దగ్గు పోలేదు. పైగా మనిషి చిక్కిపోయాడు. మళ్ళీ ఫోటో తీశారు. మచ్చలు ఎక్కువయ్యాయన్నారు. మళ్ళీ మందులు, ఈసారి సూదులు కూడా. మందులు సరిగ్గా మింగకపోవడం వల్లే ముదిరిందని ఆసుపత్రిలో కోప్పడ్డారట. పేటలో ఇంకో మాట పుట్టింది, తాగుతున్నాడేమో అని. మా నాయన జన్మలో తాగి ఎరగడు. అయినా అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను.

నర్సింగ్ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి నేనే ఆయన్ను నిలదీశాను. అప్పటికి నాకు నాలుగు ముక్కలు తెలుసన్న గర్వం కూడా ఉంది.

“నాయనా, నిజం చెప్పు. మాత్రలు మింగుతాండావా, పారేస్తాండావా?”

నాయన నా వైపు చూసి లేచాడు. పందిట్లో మంచం కింద నుంచి ఒక బియ్యం సంచి లాగాడు. సంచి మూతి విప్పి నేల మీద బోర్లించాడు. ఖాళీ మాత్రల అట్టలు. రెండు విడతల్లో మింగినవన్నీ, ఒక్కటి కూడా పారేయకుండా దాచిపెట్టాడు. వాకిలంతా మెరిసే రేకులు పరుచుకున్నాయి.

“మీ అమ్మ అడుగుతాదని పెట్టినా. నువ్వు అడుగుతావనుకోలా” అన్నాడు. అంత మాట అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

నేను వంగి ఆ అట్టలన్నీ ఏరి మళ్ళీ సంచిలో వేశాను.

చదువు అయ్యాక నాకు కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. రెండేళ్ళకు నన్ను ఊపిరితిత్తుల వార్డులో వేశారు. ఒకరోజు అక్కడి డాక్టరు ఒక రోగి ఫోటో వెలుతురుకు పెట్టి, జూనియర్లకు ఏదో చెబుతున్నాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ పైభాగమంతా చిన్న చిన్న తెల్లచుక్కలు, ఇసుక చల్లినట్టు. ఆ రోగి బండలు కొట్టే మనిషి. అలాంటి ఫోటో మా ఇంట్లో గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది.

ఆ వారమే నాయనను పిలిపించాను. బస్సు దిగి ఆసుపత్రి గేటు నుంచి వార్డు దాకా నడవడానికి ఆయనకు అరగంట పట్టింది. డాక్టరు చిన్న వయసువాడు. ఫోటో చూడకముందే అడిగాడు.

“ఏం పని చేసేవాడివి పెద్దాయనా?”

“కూలి సార్.”

“ఏం కూలి?”

నాయన నా వైపు చూశాడు. “పలుగురాళ్ళ మిల్లు సార్. పొడి పట్టేది.”

“ఎన్నేళ్ళు?”

“పాప ఆరో తరగతి కాడ్నుంచి.”

డాక్టరు చాలాసేపు ఫోటోలు చూశాడు, పాతవీ కొత్తవీ. గళ్ళ పరీక్ష మళ్ళీ చేయించాడు. రెండు రోజుల తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రాతిపొడి ఊపిరితో పాటు లోపలికి పోయి ఊపిరితిత్తుల్ని గట్టిపరిచేసింది. మధ్యలో ఎప్పుడైనా టీబీ కూడా వచ్చి పోయిందేమో తెలియదు, ఈ జబ్బు ఉన్నవాళ్ళకు అది తేలిగ్గా వస్తుంది. ఇప్పుడు మాత్రం టీబీ లేదు. ఇప్పుడున్న జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు.

“మందుందా సార్?” అని నేనే అడిగాను. జవాబు నాకు తెలుసు.

“లేదమ్మా. ఆ పొడి బయటికి రాదు. ఆయాసానికి ఏదో చేస్తాం. అవసరమైతే ఆక్సిజన్. మిల్లు వైపు మాత్రం పోనీయొద్దు.”

నాయన ఈ మాటలు విన్నాడో లేదో నాకు అర్థం కాలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. కాసేపటికి తలెత్తి, “అంటుకునేది కాదని ఒక చీటీ రాసియ్యండి సార్. మా ఆడామెకు నేను చెప్తే నమ్మదు” అన్నాడు.

డాక్టరు తెలుగులో రాసిచ్చాడు. నాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. అన్నేళ్ళ తర్వాత మా భుజాలు తగిలాయి. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, కిటికీ వైపు మెడ తిప్పేస్తున్నాడు.

“ఇటే తిరుగు నాయనా. ఏం కాదు” అన్నాను.

“అలవాటైపోయినాది పాపా” అన్నాడు.

అమ్మ ఆ చీటీ తిరగేసి మరగేసి చూసింది. ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“అంటే ఆయప్పను ఇన్నేండ్లు నేను ఉత్తపుణ్యానికి బయట పండబెట్టినానా?” అంది.

నా చేతిలోంచి చీటీ లాక్కుని మళ్ళీ చూసింది.

“ఇంతమంది డాక్టర్లు ఏం చేస్తాండిరి? పని ఏందని అడిగేదానికి నోరు ల్యాకపాయనా? ఒక్క మాట, ఒక్క మాట అడిగింటే!”

“ఊరుకోమే. నువ్వు పాప కోసం చేసినావు” అన్నాడు నాయన.

అమ్మ లేచి గూట్లోంచి ఆ పళ్ళెం తీసుకుని పోయి గోడ అవతలికి విసిరేసింది. వచ్చి నాయన మంచం ఒకవైపు పట్టుకుని, ఇంకోవైపు పట్టమని నన్ను పిలిచింది. ఇద్దరం మంచాన్ని ఇంట్లోకి మోసుకొచ్చి నడి ఇంట్లో వేశాం. నాయన వచ్చి దాని మీద కూర్చున్నాడు. కాసేపు కూర్చుని చుట్టూ చూశాడు. తర్వాత ఆయాసం ఎక్కువై గుడ్లు తేలేశాడు. ఇంట్లో ఆయనకు గాలి చాలడం లేదు. చిన్న కిటికీ, పైన రేకులు. మేం మళ్ళీ మంచం ఎత్తుకుని పందిట్లోకే తెచ్చాం. ఆ రోజు నుంచి అమ్మ తన చాప మంచం పక్కనే నేల మీద వేసుకుంది. ఆయన చెంబుతోనే తాగేది. పక్కింటావిడ వద్దని సైగ చేస్తే, ఆమె చూస్తుండగానే గటగటా తాగింది.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయాక పాస్టరు అయ్యగారిని అడిగి నేను లేచి నిలబడ్డాను. పేటలో మనం టీబీ అనుకుంటున్నదంతా టీబీ కాదని, చాలామందికి అది మిల్లు దుమ్మని, మూతికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపలేదని చెప్పాను. అందరూ పరీక్షకు రండి, నేను తీసుకుపోతాను అన్నాను. వెనక నుంచి ఒకామె లేచింది. ఆమె భర్త, ఇద్దరు కొడుకులు మిల్లులోనే పనిచేసేవాళ్ళు.

“నువ్వు చదువుకున్నావు, నీకు జీతం వస్తాది. మిల్లు మూతబడితే మాకు కూడెవరు పెడతారు, నువ్వు పెడతావా?”

నేను మూయమనలేదని, నీళ్ళు చల్లి పనిచేయించమని, మంచి మాస్కులు అడగమని చెప్పబోయాను. అప్పటికే జనం లేచి చెప్పులు వేసుకుంటున్నారు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ మిల్లు కూటితోనే కదా నేనూ చదివింది.

చిన్నాయనకు మాత్రం నాయనే చెప్పాలనుకున్నాడు. పిలిపించి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కో మాటకు ఆగుతూ చెప్పాడు.

“రేయ్... నువ్వు పోవద్దు. ... ఇంగ పోవద్దురా.”

“అట్లనేలే అన్నా. నువ్వు మాట్లాడొద్దు, ఆయాసం వస్తాది.”

“నన్ను చూడు. ... చూసి పో.”

“నీకు టీబీ అన్నా. డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తారు. నాకేమైంది, గుండ్రాయి మాదిరి ఉండా.”

అన్న కాళ్ళు కాసేపు ఒత్తి, లేచి నేరుగా మిల్లుకే పోయాడు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు.

నాయన ఆ ఏడు ఎండాకాలం మొదట్లో పోయాడు. చివరి నెలలో ఆయన పడుకోలేదు. పడుకుంటే ఊపిరాడదు. ఒళ్ళో దిండ్లు పెట్టుకుని, వాటి మీదికి వంగి కూర్చునేవాడు. నేను సెలవు పెట్టి, ఒక ఆక్సిజన్ సిలిండరు బాడుగకు తీసుకుని వెళ్ళాను. కరెంటుతో నడిచే మిషనైతే కోతల్లో ఆగిపోతుందని ఏరికోరి సిలిండరే తెచ్చాను. దాని గడియారంలో ముల్లు దిగుతుంటే చూసి ఆయన కట్టేయమనేవాడు, అయిపోతుందని. ఆఖరి రోజు పొద్దున పదిగంటల వేళ అమ్మ రాగిగంజి తాగిస్తుంటే రెండు గుక్కలు తాగి, చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. దిండు మీద తల పెట్టుకున్నాడు. అమ్మ వీపు రాస్తూనే ఉంది. ఆ వీపు కదలడం ఆగిందని నేను చూశాను. అమ్మ ఇంకా కాసేపు రాసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాక ఆగింది.

అదే రోజు సాయంత్రం మట్టి చేశాం. సమాధుల తోట పేటకు ఎంతో దూరం కాదు, గుట్ట మొదట్లో ఉంటుంది. పెట్టెను ఆయనతో మిల్లులో పనిచేసినవాళ్ళే ఎత్తుకున్నారు. చర్చి దాటి పదిళ్ళు పోయారో లేదో ఆగారు. పెట్టె దించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఊపిరి తీసుకున్నారు. వేరేవాళ్ళు అందుకున్నారు. వాళ్ళూ బావి దగ్గర దించారు. దారిలో నాలుగుసార్లు నాయనను నేల మీద పెట్టారు. నలభై ఏళ్ళు నిండని మగవాళ్ళు, మా నాయన ఎముకల గూడును మోయలేకపోయారు. మధ్యలో దగ్గు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు. అయ్యగారు వాక్యం చదవడానికి ఆ దగ్గులు ఆగేదాకా కాచుకున్నాడు. చర్చిలో నా మాట వినని వాళ్ళంతా ఆ దారిలో ఒకరినొకరు చూసుకున్నారు.

మరణం నమోదు చేయించడానికి నేనే పోయాను. అక్కడ రాసుకునే అబ్బాయి మా పేట పేరు వినగానే, “టీబీనే గదక్కా?” అంటూ రాయబోయాడు. కాదని, డాక్టరు కాగితాలు ముందు పెట్టాను. జబ్బు పేరు పలకడం ఆ అబ్బాయికి కష్టమైంది. అక్షరం అక్షరం చెప్పి రాయించాను. మా పేటలో ఆ పేరు కాగితం మీదికి ఎక్కడం అదే మొదలని చెప్పాడు.

మిల్లు మూతబడలేదు. కొన్నాళ్ళు నీళ్ళ పైపులు పెట్టారు, మోటారు కాలిపోయాక తీసేశారు. పేట మగవాళ్ళు కొందరు మెల్లగా మానుకుని మేకలకు, ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయారు. వాళ్ళ చోట్లలోకి ఎక్కడెక్కడి నుంచో భాష తెలియని కుర్రవాళ్ళు వచ్చి, మిల్లు పక్కనే రేకుల షెడ్డుల్లో ఉంటున్నారు.

నాయన పోయిన మూడో ఏడు చిన్నాయన నా వార్డుకు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. నేను వరండాలోకి వచ్చేసరికి బెంచీ మీద ఈ చివర ఆయన, ఆ చివర చిన్నమ్మ, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. చిన్నమ్మ చేతిలో రెండు నీళ్ళ సీసాలున్నాయి. ఒకదాని మూతికి ఎర్రదారం కట్టి ఉంది. ఎవరిది ఏదో గుర్తుకన్నమాట.

ఫోటో తీయించాను. డాక్టరు చూడకముందే నేను చూశాను. గళ్ళ పరీక్ష కూడా అయ్యాక డాక్టరు వాళ్ళిద్దర్నీ పిలిచి, నాయనకు చెప్పినట్టే అంతా చెప్పాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయటికి వచ్చాక చిన్నాయన నన్ను పక్కకు తీసుకుపోయి అడిగాడు.

“టీబీ కాదు గదా పాపా?”

“కాదు చిన్నాయనా.”

“నిజంగా?”

“నిజంగా కాదు.”

ఆయన మొహం విప్పారింది. పెద్దకూతురికి సంబంధం చూస్తున్నారట. ఇంట్లో టీబీ ఉందని తెలిస్తే వచ్చేవాళ్ళు రారని భయపడుతున్నాడు. చిన్నమ్మ వైపు తిరిగి, వరండాలో జనమంతా వినేట్టు, “చెప్పలా నేను? టీబీ కాదంట!” అని అరిచాడు. చిన్నమ్మ గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది కూడా. దేవుడి దయ, దేవుడి దయ అంటోంది. డాక్టరు చెప్పిన మిగతా మాటలు వాళ్ళు విననే లేదు.

ఆ మాటలు మళ్ళీ చెప్పాల్సింది నేనే. ఆ రోజు చెప్పలేకపోయాను. ఇద్దర్నీ క్యాంటీనుకు తీసుకుపోయి భోజనం పెట్టించి, బస్సు ఎక్కించాను. పై ఆదివారం ఊరికి పోయి, ఇంట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన విని, పెళ్ళి దాకా ఉంటానా అని మాత్రం అడిగాడు.

ఉంటావన్నాను. ఉన్నాడు కూడా. పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే అక్షింతలు వేశాడు.